ఆమెకు తొంభై ఏళ్లు వచ్చేదాకా: పదవీ విరమణ సలహాలిచ్చే మిత్రులకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లోని బీమా ఏజెంట్లు, డెవలప్‌మెంట్ ఆఫీసర్లు, మ్యూచువల్ ఫండ్ పంపిణీదారులు, బ్యాంకు శాఖల్లో డిపాజిట్లు, పెట్టుబడుల వ్యవహారం చూసే అధికారులు, పన్ను రిటర్నులు దాఖలు చేసే ప్రాక్టీషనర్లు, షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వద్ద నమోదైన సలహాదారులు అందరికీ నమస్కారాలు.

ప్రతి నెలా ఆఖరి తేదీన మన ఊళ్లలో ఏదో ఒక కార్యాలయంలో, ఏదో ఒక కర్మాగారంలో ఒకరికి శాలువా కప్పి, పూలదండ వేసి ఇంటికి సాగనంపుతారు. ఆ తర్వాత కొద్ది వారాలకో, కొన్ని నెలలకో భవిష్య నిధి, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల జీతం కలిపి, ఆ కుటుంబం అంతకు ముందెన్నడూ ఒక్కచోట చూడని మొత్తం బ్యాంకు ఖాతాలో పడుతుంది. పడిన సంగతి బంధువులకంటే ముందు మన వృత్తిలోని వాళ్లకే తెలుస్తుంది. ఆ వారం ఆ ఇంటి తలుపు తట్టేదీ మనమే. ఆ ఇంట్లో మనం చెప్పే మాట, పెట్టించే సంతకం ఆ దంపతుల తర్వాతి పాతికేళ్లను నిర్ణయిస్తుంది కాబట్టి, ఒకే ఒక్క కోరికతో ఈ లేఖ రాస్తున్నాను.

ఏ పథకం పేరూ ఎత్తకముందు, ఏ దరఖాస్తూ బయటికి తీయకముందు, విరమణ చేసిన వ్యక్తితో పాటు ఆయన భార్యను కూడా కూర్చోబెట్టండి. ఆమెకు తొంభై ఏళ్లు వచ్చేదాకా, భర్త ఉన్నప్పుడు ఎంత, ఆయన లేనప్పుడు ఎంత, నెలనెలా ఎక్కడెక్కడి నుంచి డబ్బు వస్తుందో తెలుగులో ఒక కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. ఆ కాగితం పూర్తయ్యాకే ఏది కొనాలో, ఏది కొనకూడదో మాట్లాడండి. విరమణ చేసినది ఆమె, చదువుకున్నదీ ఆమె అయితే భర్త పక్షాన కూడా ఇదే పని జరగాలి. కానీ ఇప్పుడు విరమణకు వస్తున్న తరంలో ఎక్కువ ఇళ్లలో జీతం ఆయనది, ఆమెకంటూ వేరే ఆదాయం లేదు. అందుకే ఆమె వైపు నుంచి మాట్లాడుతున్నాను.

ఆ తరం పెళ్లిళ్లలో భార్యాభర్తల మధ్య ఐదారేళ్ల తేడా మామూలు, పదేళ్లయినా ఆశ్చర్యం లేదు. దానికి తోడు ఆడవారి ఆయుర్దాయం మగవారికంటే ఎక్కువ. ఈ రెండూ కలిస్తే, భర్త పోయాక ఏళ్ల తరబడి ఆమె ఒంటరిగా బతకవలసి రావడమే ఎక్కువ ఇళ్లలో జరిగేది. అయినా మనం నింపే ప్రతి ఫారంలో వయసు ఆయనది, కాలపరిమితి ఆయనకు సరిపోయేది, రిస్కు ప్రశ్నలకు జవాబులు ఆయనవి. ఆమె పేరు నామినీ గడిలో ఒక్కసారి కనిపిస్తుంది. అసలు ఆ సొమ్ము మీద ఎక్కువ కాలం ఆధారపడి బతికేది ఆమేనన్న సంగతి మన లెక్కల్లోకి రావడం లేదు.

పింఛన్లు ఆమె వరకు వచ్చేసరికి ఎలా కుంచించుకుపోతాయో మన వృత్తిలోనే చాలామంది క్లయింట్లకు వివరంగా చెప్పడం లేదు. పాత పింఛను విధానంలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి ఆఖరి మూలవేతనంలో సగం వరకు పింఛను వస్తే, ఆయన తదనంతరం కొన్నేళ్లు హెచ్చు మొత్తం ఇచ్చినా, ఆపైన కుటుంబ పింఛను మూలవేతనంలో 30 శాతానికి దిగుతుంది. దానికి కరువు భృతి తోడవుతుంది కనుక ఆ ఇల్లు ఏదోలా గట్టెక్కుతుంది. 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగంలో చేరి, జీతంలోంచి వాటా కట్టి నిధి పోగుచేసే కాంట్రిబ్యూటరీ పింఛనులోకి వెళ్లినవారి సంగతి వేరు. వాళ్ల భార్యకు ఏం వస్తుందన్నది విరమణ నాడు ఎంచుకునే యాన్యుటీ (బీమా సంస్థకు ఒకేసారి సొమ్ము కట్టి, జీవితాంతం నెలనెలా ఆదాయం పొందే ఏర్పాటు) రకాన్ని బట్టి ఉంటుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఉద్యోగులకు వచ్చిన ఏకీకృత పింఛను పథకంలో, పింఛనుదారు మరణానంతరం ఆ పింఛనులో 60 శాతం జీవిత భాగస్వామికి అందుతుంది.

నిజంగా గుండె చెరువయ్యేది ప్రైవేటు కర్మాగారాల వాళ్ల పింఛను చూసినప్పుడు. 1995 నవంబరు 16 నుంచి అమల్లో ఉన్న ఉద్యోగుల పింఛను పథకంలో, పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. ఆ జీతానికి పరిమితి 2014 సెప్టెంబరు దాకా 6,500 రూపాయలే, ఆ తర్వాత 15,000 రూపాయలు. 1996లో చేరి 2024లో దిగిపోయిన ఫిట్టరుకు, ఆఖర్న జీతం నలభై వేలున్నా సరే, పాత పరిమితి కింద పద్దెనిమిదేళ్లు, కొత్త పరిమితి కింద పదేళ్లు విడివిడిగా లెక్కగట్టి, ఇరవై ఏళ్లు దాటినందుకు రెండేళ్ల సర్వీసు అదనంగా కలిపినా, నెలకు చేతికొచ్చేది నాలుగు వేలకు అటూ ఇటూ. ఆయన పోతే భార్యకు అందులో సగం, అంటే రెండు వేలు. ధరలు ఎంత పెరిగినా ఈ అంకె పెరగదు. 58 నిండాక పింఛను మొదలుపెట్టకుండా వాయిదా వేస్తే, 60 ఏళ్ల వరకు, ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుందనీ, 58కి ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున జీవితాంతం కోత పడుతుందనీ కూడా చెప్పేవాళ్లు లేక, చాలామంది ఎవరో చెప్పిన తేదీకి ఫారం ఇచ్చేస్తున్నారు.

హనుమకొండలో నా దగ్గరికి వచ్చిన ఒక జంట సంగతి చెబితే నా మాట స్పష్టమవుతుంది. ఆయన బాలానగర్ ప్రాంతంలోని ఒక కర్మాగారంలో పనిచేసి 2024లో 58వ ఏట విరమించారు. ఆమెకు అప్పటికి 52. సొంత ఇల్లుంది, అప్పు లేదు. భవిష్య నిధి, గ్రాట్యుటీ, చేతిలో ఉన్న పొదుపు కలిపి 40 లక్షలు. నెల ఖర్చు ఎంతని అడిగితే ఆయన ఇరవై వేలన్నారు. ఆమె ఏమీ అనకుండా చేతిసంచిలోంచి పద్దు పుస్తకం తీసి నా ముందు పెట్టారు. పాలు, కిరాణా, కూరగాయలు, గ్యాసు, కరెంటు, ఇద్దరి బీపీ, షుగరు మందులు, ఫోన్లు, ఏడాదికోసారి కట్టే ఇంటి పన్ను, పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ పెట్టుపోతలు అన్నీ తేదీలవారీగా రాసి ఉన్నాయి. ఏడాది మొత్తం కూడి పన్నెండుతో భాగిస్తే 31 వేలు తేలింది. ఆయన చెప్పిన అంకెతో ప్రణాళిక రాసి ఉంటే ఆ ప్రణాళిక మొదటి నెలలోనే తప్పిపోయేది. ఇంటి ఖర్చు తెలిసినవారిని పక్కన పెట్టి ఇంటి భవిష్యత్తును లెక్కగట్టడం మన వృత్తిలో ఇంత మామూలు ఎలా అయిందో ఆలోచించండి.

ఇప్పుడు లెక్క చూడండి. 31 వేల ఖర్చులో నాలుగు వేలు పింఛను పోగా నెలకు 27 వేలు, ఏడాదికి 3 లక్షల 24 వేలు ఆ 40 లక్షల్లోంచి రావాలి. పన్ను పోను మిగిలే రాబడి, ధరల పెరుగుదల ఒకదానికొకటి సరిపోయాయని అనుకుంటే, సొమ్ము పన్నెండేళ్ల మీద కొన్ని నెలలు వస్తుంది. అప్పటికి ఆమె వయసు 64. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపవుతాయి కనుక అప్పటికి నెల ఖర్చు 62 వేలు, ఆమెకు 90 రావడానికి ఇంకా 26 ఏళ్లు ఉంటాయి. ఈ మాట వారిద్దరి ముందు చెప్పడం తేలిక కాదు. కానీ 52వ ఏట వింటే ఏదో ఒకటి చేసుకోగలరు, 64వ ఏట చేయడానికి ఏమీ మిగలదు.

అప్పటికే వాళ్లింటికి వచ్చి వెళ్లిన ప్రతిపాదనలు ఆమె ఒక ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచారు. ఒక బ్యాంకు శాఖ నుంచి వచ్చిన కాగితంలో ఏడాదికి 3 లక్షల చొప్పున పదేళ్లు కట్టవలసిన జీవిత బీమా పాలసీ ఉంది. జీతం ఆగిపోయిన మనిషికి పదేళ్ల ప్రీమియం ఎక్కడి నుంచి వస్తుందని ఆ కాగితం రాసినవారు అనుకున్నారో నాకు అర్థం కాలేదు. ఆయన దాన్ని ఒక్కసారే కట్టే పాలసీ అనుకున్నారు. పాలసీ అందిన తేదీ నుంచి 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేసే హక్కు ఉందని కూడా ఎవరూ చెప్పలేదు. ఇంకొక కాగితం ఊరి బయట వెంచరులో ప్లాటుది, మరొకటి చీటీ పాటది. ఆ కవరులో లేనిది ఒక్కటే, పోస్టాఫీసులో, బ్యాంకుల్లో దొరికే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం.

అది ఎందుకు లేదో మనకు తెలుసు. ఆ పథకం మీద ఏజెంట్లకు ఇచ్చే అర శాతం కమీషన్ 2011 డిసెంబరులో ఆగిపోయింది. అప్పటి నుంచి దాని గురించి చెప్పేందుకు ఎవరికీ కారణం లేకుండా పోయింది. 2023 ఏప్రిల్‌లో పరిమితిని 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు, వడ్డీ 8.2 శాతం అయింది. 30 లక్షలు పెడితే మూడు నెలలకోసారి 61,500 రూపాయలు ఖాతాలో పడతాయి. సాధారణంగా 60 నిండినవారికే అయినా, 55 దాటి విరమించినవారు విరమణ ప్రయోజనాలు చేతికి అందిన మూడు నెలల్లోగా ఖాతా తెరవవచ్చు. ఆ మూడు నెలలు దాటితే 60 వచ్చేదాకా ఆగాలి. 58కి దిగిపోయే లక్షలాది ప్రైవేటు ఉద్యోగులకు ఇంతకంటే పనికొచ్చే సమాచారం ఇంకొకటి లేదు, అయినా సలహా అడిగినవారికి ఈ ముక్క చెప్పకుండానే మనలో చాలామంది లేచి వస్తున్నారు.

ఈ పథకంలోనూ ఆమె కోణం నుంచి చూస్తేనే కనిపించే మెలిక ఒకటుంది. ఖాతాను భార్యతో కలిసి ఉమ్మడిగా తెరవవచ్చు, అందుకు ఆమె వయసు అడ్డం కాదు. కానీ ఆయన మరణిస్తే ఆ ఖాతాను గడువు దాకా అదే వడ్డీతో కొనసాగించాలంటే, ఆనాటికి ఆమెకు కూడా పథకంలో చేరే అర్హత ఉండాలి. 52 ఏళ్ల భార్యకు అది ఉండదు. ఆమెకు 60 రాకముందే ఆయనకు ఏమన్నా అయితే ఖాతా మూసి, ఆనాటి వడ్డీ రేట్లకు వేరే దారి చూసుకోవాలి. ఈ సంగతి ముందే రాసి ఉంచితే ఆ కష్టకాలంలో ఆమె ఎవరి మాటకూ లొంగిపోదు.

ఆ జంటకు రాసిన ప్రణాళికలో గొప్ప చమత్కారం ఏదీ లేదు. 20 లక్షలు పొదుపు పథకంలో, 6 లక్షలు రెండు బ్యాంకుల్లో విడివిడిగా డిపాజిట్లు. ఒక బ్యాంకులో ఒక్కరి పేర 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుందన్నది 2020 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న నియమం. మిగిలిన 14 లక్షలు పన్నెండేళ్ల తర్వాతి ఖర్చు కోసం, అందులో సుమారు సగం షేర్లలో మదుపు చేసే ఈక్విటీ ఫండ్లలో, ఆమె పేరు మీద. పై వాటా అద్దెకిస్తే నెలకు ఆరు వేలు వస్తాయి, ఆ అద్దె ధరలతో పాటు పెరుగుతుంది. ఆయన ఐదేళ్లపాటు ఒక అపార్టుమెంటులో నిర్వహణ పని చూసేందుకు ఒప్పుకున్నారు, జీతం 15 వేలు. ఎప్పుడో కొని వదిలేసిన 150 గజాల ప్లాటు, 18 లక్షలు పలికేది, అమ్మాలని చెప్పింది ఆమె. ఇవన్నీ కలిపినా పాత లెక్క ప్రకారం సొమ్ము ఆమెకు 78 ఏళ్ల దాకా వస్తుంది. ఈక్విటీ భాగం ధరలను కొంత మించి పెరిగితే ఇంకొన్నేళ్లు. తొంభై దాకా పూర్తిగా కుదిరిందని నేను ఆ కాగితం మీద రాయలేదు. ఏటా ఉగాది తర్వాత కూర్చుని మళ్లీ లెక్క చూసుకోవాలని రాశాను. అబద్ధపు భరోసా కంటే అసంపూర్తి లెక్కే ఆ ఇంటికి మేలు చేస్తుందని నా నమ్మకం.

ఈక్విటీ గురించి ఒక మాట. విరమణ సొమ్మును షేర్లవైపు తీసుకెళ్లకూడదని చాలామంది పెద్దలు అనుకుంటారు, ఏడాది రెండేళ్లలో అవసరమయ్యే సొమ్ము విషయంలో అది అక్షరాలా నిజం. కానీ 52 ఏళ్ల భార్య 75వ ఏట పెట్టే ఖర్చుకు ఇవాళ డిపాజిట్లలో మాత్రమే పెట్టిన డబ్బు సరిపోదు. భర్త వయసును మాత్రమే చూసి రిస్కు తేల్చే ప్రశ్నావళి ఈ తేడాను పట్టుకోలేదు. ఎంత భాగం, ఎన్నేళ్లకు, ఏ సంవత్సరంలో పడిపోయినా ఇంటి ఖర్చుకు తడుముకోకుండా ఎలా ఉండాలి అన్నవి మనం చెప్పవలసిన విషయాలు. గత ఏడాది రాబడి పట్టిక చూపించి సంతకం తీసుకోవడం సలహా కాదు.

యాన్యుటీ అమ్మేవారు ఈ లేఖను ఇంకొంచెం శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను. ఎన్‌పీఎస్ అనే జాతీయ పింఛను వ్యవస్థలో ఉన్న ప్రభుత్వోద్యోగి విరమణ నాడు పోగైన నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. బీమా సంస్థలు నేరుగా అమ్మే తక్షణ యాన్యుటీలను ఇతరులూ కొంటున్నారు. ఒక్కరి జీవితకాలానికే చెల్లించే రకంలో నెలసరి మొత్తం అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే పోలిక పట్టికలో అది మొదటి వరసలో ఉంటుంది. ఆయన రెండేళ్లకు కన్ను మూస్తే ఆ చెల్లింపు ఆ నెలతో ఆగిపోతుంది. ఇద్దరి జీవితకాలానికీ నూరు శాతం చెల్లించి, ఆ తర్వాత కొన్న ధరను వారసులకు తిరిగిచ్చే రకంలో నెలకు వచ్చేది తక్కువే కావచ్చు. కానీ ఆమెకు రేపు ఏమీ లేకపోవడానికీ, ఎంతో కొంత ఉండడానికీ మధ్య తేడా ఆ ఒక్క ఎంపికలో ఉంది. యాన్యుటీ కొని, వెనక్కి ఇచ్చే గడువు దాటాక ఆ ఎంపిక మార్చుకునే వీలు ఉండదు కనుక, ఆమె లేనప్పుడు ఆ ఫారం మీద ఆయన సంతకం తీసుకోవద్దని బతిమాలుకుంటున్నాను. యాన్యుటీ మీద వచ్చేది పన్ను పడే ఆదాయమనీ, సాధారణంగా ధరలతో పాటు పెరగదనీ కూడా అదే రోజు చెప్పాలి.

విరమణ సొమ్ముకు పోటీ పడేవి మన పథకాలు మాత్రమే కాదు. కూతురి పెళ్లి, కొడుకు అమెరికా చదువు, పై అంతస్తు కట్టడం, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెలిసినవారికి ప్రామిసరీ నోటు మీద ఇవ్వడం, ఇవన్నీ వరసలో ఉంటాయి. కొడుకు చదువుకు తండ్రి డబ్బు ఇవ్వకూడదని చెప్పే హక్కు మనకు లేదు. అయితే విరమణ సొమ్ములోంచి 15 లక్షలు ఇస్తే ఆమె నెలసరి ఆదాయంలో ఏ ఏడు నుంచి ఎంత లోటు పడుతుందో చూపించే బాధ్యత మనది. చదువుకు బ్యాంకు రుణం దొరుకుతుంది, ముసలితనానికి ఏ బ్యాంకూ అలాంటి రుణం ఇవ్వదు. ఎక్కువ వడ్డీ ఆశతో సొమ్ము పోగొట్టుకున్న చరిత్ర మన ప్రాంతానికి కొత్త కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో పలు రాష్ట్రాలకు చెందిన దాదాపు 32 లక్షల మంది సొమ్ము ఇరుక్కుపోయింది. వారిలో చాలామంది చేత డబ్బు కట్టించింది వాళ్ల ఊరి ఏజెంట్లే, ఆ తర్వాత ఆ ఊళ్లలో తలెత్తుకోలేకపోయిందీ ఆ ఏజెంట్లే. ఆ అనుభవం మన వృత్తిలో ఎవరికీ మళ్లీ రాకూడదు.

ఇల్లు పిల్లల పేర రాసివ్వాలని అడిగే దంపతులకు సమాధానం చెప్పేటప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ గుర్తుంచుకోండి. తమ కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తిని బదిలీ చేసి, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని రద్దుచేయమని ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా ఉంటే ఆమె చేతిలో బలం ఉంటుంది. లేకపోతే ముసలి వయసులో దాన్ని నిరూపించుకోవడానికి తిరగాలి. వీలునామాతో సరిపెట్టుకునే చోట గిఫ్ట్ డీడ్ రాయించవద్దని నేను క్లయింట్లకు గట్టిగా చెబుతాను.

వైద్యం ఖర్చు ఎంతటి ప్రణాళికనైనా తలకిందులు చేస్తుంది. కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా విరమణతోనే ఆగిపోతుంది. ఇది తెలిసి కూడా యాభై ఏళ్ల క్లయింటుకు సొంత పాలసీ తీసుకోమని మనం పట్టుబట్టడం లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు కాబట్టి, 54, 55 ఏళ్లకు పాలసీ మొదలుపెడితే విరమణ నాటికి ఆ కాలం గడిచిపోతుంది. కొత్తగా చేరేవారికి 65 ఏళ్ల వరకు అవకాశం ఇస్తే చాలన్న పాత నియమం 2024 ఏప్రిల్‌లో పోయి, అన్ని వయసులవారికీ పాలసీలు ఉండాలన్న నియమం వచ్చింది. వయోవృద్ధుల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే బీమా సంస్థలు ముందుగా బీమా నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. 70 దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వైద్యం 2024 అక్టోబరు నుంచి ఉంది. ఇక్కడా ఆమె సంగతి చూడండి. ఆయనకు 70 నిండి ఆ కార్డు వచ్చిందని కుటుంబ పాలసీ వదిలేస్తే, 64 ఏళ్ల భార్యకు ఆ కార్డు వర్తించదు. ఒక్క ఏడాది ప్రీమియం మిగులుతుందని పాలసీ ఆపేయమని చెప్పేవారు ఈ ఒక్క విషయం కోసమైనా ఆగాలి.

కాగితాల పని గురించి పొడుగ్గా చెప్పను. ప్రతి డిపాజిట్, ప్రతి ఫండ్ ఖాతా ఆమె పేరుతో ఉమ్మడిగా, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా ఉండాలి. నామినీగా పేరున్నంత మాత్రాన ఆస్తి హక్కు రాదనీ, చాలా ఆస్తుల విషయంలో నామినీ వారసుల తరఫున సొమ్ము అందుకునే వ్యక్తి మాత్రమేననీ చెప్పి, సాదా కాగితం మీదనైనా ఇద్దరు సాక్షులతో వీలునామా రాయించాలి. పదేళ్లుగా కదలిక లేని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతున్నాయి. వాటిని వెతుక్కునేందుకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టవలసి వచ్చిందంటే, భర్త ఎక్కడ ఏం దాచాడో తెలియని భార్యలు, పిల్లలు ఎంతమంది ఉన్నారో ఊహించవచ్చు. పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం కుటుంబ పింఛను తీసుకునేటప్పుడు తానూ ఇవ్వాలని ఆమెకు ముందే తెలిసి ఉండాలి.

మన వృత్తి కష్టం నాకు తెలియనిది కాదు. ఎండనబడి ఊరూరూ తిరిగి, ఒక్క పాలసీ కోసం నాలుగుసార్లు కలిసి, చివరికి లేదనిపించుకునే ఏజెంటు బతుకు కమీషన్ మీదే నడుస్తుంది. శాఖ మేనేజరు మీద పై నుంచి వచ్చే టార్గెట్ల ఒత్తిడి నెలాఖరుకు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఫీజు మీద సలహా చెప్పేందుకు సెబీ వద్ద నమోదైనవారు దేశం మొత్తం మీద వెయ్యికి అటూ ఇటూ మాత్రమే, వారిలో ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉన్నారు. కాబట్టి మంథనిలోనో, మదనపల్లెలోనో, పాలకొల్లులోనో విరమణ చేసిన మనిషికి అందుబాటులో ఉండేది మీరే. ఆ ఇంటి మనిషిలా లోపలికి పిలిచి కాఫీ ఇచ్చేది మీకే. అందుకే ఈ కోరిక నియంత్రణ సంస్థలకంటే ముందు మిమ్మల్ని కోరుతున్నాను. కమీషన్ తీసుకోవడంలో తప్పు లేదు. ఏ పథకం మీద ఎంత వస్తుందో ఆ దంపతులిద్దరికీ చెప్పి తీసుకోండి. కమీషన్ లేని పథకమే ఆ ఇంటికి సరైనదైతే, ఆ రోజు పోస్టాఫీసు దాకా వాళ్లతో నడిచి వెళ్లండి. ఆ ఇల్లు మీ పేరు వీధి అంతా చెబుతుంది, ఆ తర్వాత పిల్లల టర్మ్ పాలసీలు, నెలనెలా ఫండ్లలో కట్టే సిప్‌లు మీ దగ్గరికే వస్తాయి. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఎక్కువ భాగం అలా వచ్చినవే.

బ్యాంకుల ప్రాంతీయ అధికారులకు, బీమా సంస్థల డివిజన్ అధికారులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. విరమణ సొమ్ము ఖాతాలో పడిన తేదీ నుంచి మూడు నెలల వరకు ఆ ఖాతాదారుకు ఐదేళ్లకు మించి సొమ్ము కట్టిపడేసే పథకం ఏదీ, ఏటా ప్రీమియం కట్టవలసిన పాలసీ ఏదీ అమ్మకూడదని మీ శాఖలకు రాతపూర్వకంగా చెప్పండి. భవిష్య నిధిలో ఉన్న సొమ్ముకు కూడా తొందర లేదు, విరమణ తర్వాత మూడేళ్ల వరకు దాని మీద వడ్డీ జమవుతుంది, ఆ వడ్డీకి పన్ను ఉంటుంది అంతే. ఆ మూడు నెలల్లో దంపతులు ఊపిరి పీల్చుకుని, పద్దు పుస్తకం చూసుకుని, పిల్లలతో మాట్లాడుకుని నిర్ణయానికి వస్తారు. మీ నెలవారీ టార్గెట్ ఆ మేరకు తగ్గుతుందని నాకు తెలుసు, తగ్గించుకోమనే అడుగుతున్నాను.

ఏజెంట్ల సంఘాలకు, పంపిణీదారుల సంఘాలకు ఇంకొకటి. నేను వాడుతున్న ఒక్క పేజీ తెలుగు పట్టికను ఎవరు అడిగినా ఉచితంగా ఇస్తాను, మీ పేరు వేసుకుని వాడుకోవచ్చు. అందులో ఎడమవైపు ఆమె వయసు ఇప్పటి నుంచి తొంభై దాకా ఐదేళ్లకు ఒక వరస చొప్పున ఉంటుంది. పక్కన ఆ ఏటికి నెల ఖర్చు, పింఛను, అద్దె, వడ్డీ, పొదుపులోంచి తీయవలసిన మొత్తం ఉంటాయి. ప్రతి వరసనూ రెండుసార్లు నింపాలి, ఆయన ఉన్నట్టు ఒకసారి, లేనట్టు ఒకసారి. కింద ఆయన సంతకం, మీ సంతకంతో పాటు ఆమె సంతకానికీ చోటుంది. ఆమెకు సంతకం రాకపోతే వేలిముద్ర వేయించే ముందు ప్రతి అంకె చదివి వినిపించండి, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పండి. వచ్చే నెలాఖరున మీ ఊళ్లో విరమణ చేయబోయేవారెవరో మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. ఆ ఇంటికి వెళ్లేముందు ఫోను చేసి, అమ్మగారు కూడా ఇంట్లో ఉండే సమయం అడిగి వెళ్లండి.

ఇట్లు,
హనుమకొండ నుంచి, ఫీజు మీద విరమణ ప్రణాళికలు రాసే మీ తోటి సలహాదారు